ఆ నాలుగు మీటర్లు ఎవరివి?

2025 సెప్టెంబరులో టోక్యోలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్న రోజులు. మధ్యాహ్నం భోజనాల వేళ మా పీఈటీ మాస్టారు తన ఫోనులో పిల్లలకు పోల్ వాల్ట్ వీడియో చూపిస్తున్నారు. స్వీడన్ కుర్రాడు అర్మాండ్ డుప్లాంటిస్ పొడుగాటి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చి, దాన్ని నేలలో గుచ్చి, తలకిందులుగా పైకి లేచి, 6.30 మీటర్ల ఎత్తున ఉన్న బార్ దాటి అవతల పరుపు మీద పడ్డాడు. ప్రపంచ రికార్డు. పిల్లలంతా కేకలు వేశారు. పదో తరగతి కుర్రాడొకడు మాత్రం కేక వేయలేదు. నా వైపు తిరిగి, "కర్ర లేకపోతే ఈయన ఎంత ఎగురుతాడు సార్?" అన్నాడు.

కర్ర లేకుండా మనిషి ఎగిరిన ఎత్తుల్లో అన్నిటికంటే ఎక్కువది 2.45 మీటర్లు. క్యూబా ఆటగాడు హవియర్ సోటోమేయర్ 1993లో ఎగిరాడు. అది చెప్పాను. వాడు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "అంటే దగ్గర దగ్గర నాలుగు మీటర్లు కర్రదే కదా సార్. ఆయనది కాదు కదా."

వాడు అడుగుతున్నది స్వీడన్ మనిషి గురించి కాదని నాకు తెలుసు. అంతకు కొన్నాళ్ల ముందే వాడి అన్నకు కాలేజీలో సీటొచ్చింది. వీధిలో ఎవరో "కోటా సీటేగా" అన్నారట. ఆ మాట ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

అది నేనూ విన్న మాటే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక స్టాఫ్ రూములో ఒక పెద్దాయన నవ్వుతూ, "మీకేం మాస్టారూ, రోస్టర్ పాయింటే మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది" అన్నాడు. నేనూ నవ్వాను. కోప్పడాల్సిన చోట నవ్వితే అది చాలాకాలం లోపల ఉండిపోతుంది. ఇన్నేళ్లయినా నాకు ఆ గది కిటికీ ఏ వైపు ఉందో కూడా గుర్తే.

ఆరోజు గంట మోగడంతో వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నది ఆ జవాబే. పిల్లలకు చెప్పే తోటి ఉపాధ్యాయులకూ పనికొస్తుందని ఆశ.

ముందు కర్ర సంగతి. మేం ఎరుకలవాళ్లం. జగ్గయ్యపేట దగ్గర కాలనీ. ఉప్పు ఎరుకలు, కుంచె ఎరుకలు, దబ్బ ఎరుకలు అని మాలో మాకు తేడాలున్నాయి. మాది దబ్బ ఎరుకల ఇల్లు. వెదురు బొంగును నిలువునా చీల్చి తీసే బద్దే దబ్బ. మా తాత ఆ దబ్బలతో గంపలు, తట్టలు, చేటలు అల్లి పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరనాళ్లలో అమ్మేవాడు. మిరప కోతలప్పుడు నందిగామ చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. బొంగు కొనేముందు ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస పట్టుకుని వంచి చూసేవాడు. వంగి, వదలగానే మళ్లీ నిటారుగా లేచిందంటే కొనేవాడు. లేకపోతే అక్కడే పెట్టేసి వచ్చేవాడు.

పోల్ వాల్ట్ కర్రకు ఉండవలసిన గుణం కూడా అదే. చాలాకాలం ఆ ఆటలో వాడింది వెదురే. అమెరికాలో కార్నీలియస్ వార్మర్‌డామ్ అనే మనిషి వెదురు కర్రతోనే 1942లో 4.77 మీటర్లు ఎగిరాడు. ఆ రికార్డు పదిహేనేళ్లు నిలిచింది. తర్వాత లోహపు గొట్టాలు వచ్చాయి, 1960ల్లో ఫైబర్ గ్లాస్ వచ్చింది. అప్పటినుంచి ఎత్తులు గబగబా పెరిగాయి. ఈ సంగతి మా తాతకు తెలిసుంటే ఎంత మురిసిపోయేవాడో.

ఇక కర్ర ఏం చేస్తుందో చూద్దాం. మంచి వాల్టరు సెకనుకు సుమారు పది మీటర్ల వేగంతో పరుగెత్తుకొస్తాడు. ఆ వేగమంతా ముందుకు పోయే వేగం. కర్ర కొసను నేలలో ఉన్న గుంటలో గుచ్చగానే కర్ర వంగుతుంది, పరుగులో ఉన్న బలమంతా ఆ వంపులోకి చేరుతుంది. కర్ర మళ్లీ నిటారుగా లేస్తూ ఆ బలాన్ని మనిషికే తిరిగిస్తుంది, కాకపోతే ఈసారి పైకి. భౌతికశాస్త్రం మాస్టార్లను అడగండి, లెక్క కట్టి చూపిస్తారు: సెకనుకు పది మీటర్ల వేగాన్ని మొత్తం పైకి మళ్లిస్తే మనిషి ఐదు మీటర్లు లేస్తాడు. నిలబడ్డ మనిషి బరువు కేంద్రం నేలకు మీటరు ఎత్తున ఎటూ ఉంటుంది. ఐదూ ఒకటీ ఆరు. ఆ పైన ఉన్నది చేతుల బలం, నడుము బలం. ఈ లెక్కలో కర్ర తన సొంతంగా కలిపింది ఏమీ లేదు. తీసుకున్నదే ఇచ్చింది, అదీ కాస్త తరుగు తీసుకుని.

మా మెరక ప్రాంతం వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జగ్గయ్యపేట, నందిగామ పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్లొస్తాయి. కాలువ నీటిని పుట్టించదు. కృష్ణలో పోయే నీటిని పొలం వైపు తిప్పుతుంది, అంతే. కాలువ కింద పండిన మిరపను చూసి ఇది రైతు పంట కాదు, కాలువ పంట అని ఎవరూ అనరు. కాలువ చివరి భూములకు నీరందక ఎండిన చేను చూసి రైతు చేతకానివాడు అని మాత్రం అంటారు.

కర్ర ఎవరినైనా లేపుతుందా అంటే అదీ లేదు. నాలాంటివాడి చేతికి ఆ కర్ర ఇచ్చి పరుగెత్తమంటే అది వంగనైనా వంగదు, నన్నే వెనక్కి విసిరికొడుతుంది. ఎంత గట్టి కర్ర అయితే అంత వేగం కావాలి. ఈ విషయం తెలియాలంటే ఉక్రెయిన్ వాల్టరు సెర్గేయ్ బుబ్కా ఆట జీవితం చూడాలి. ఆ కర్ర పట్టి రిటైరైన వాళ్లలో అంత పేరు ఇంకెవరికీ లేదు.

బుబ్కా 1963లో లుహాన్స్క్‌లో పుట్టాడు. అప్పట్లో అది సోవియట్ దేశం. కుర్రతనంలోనే విటాలీ పెత్రోవ్ అనే శిక్షకుడి చేతిలో పడ్డాడు. ఆ శిక్షకుడు దొనేత్స్క్‌కు మారితే పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి ఆయన వెంట వెళ్లాడు. 1983లో హెల్సింకీలో జరిగిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, పంతొమ్మిదేళ్లకే, 5.70 మీటర్లతో గెలిచాడు. అక్కడినుంచి వరసగా ఆరు ప్రపంచ చాంపియన్‌షిప్‌లు. 1985 జులై 13న పారిస్‌లో 6 మీటర్లు దాటాడు, మనుషుల్లో మొదటివాడు. ఆరుబయట, ఇండోరు కలిపి 35 సార్లు ప్రపంచ రికార్డు మార్చాడు. 1994లో ఆరుబయట 6.14, అంతకు ముందు ఏడాది దొనేత్స్క్‌లో ఇండోరులో 6.15. ఈ ఇండోరు ఎత్తును దాటడానికి ప్రపంచానికి 21 ఏళ్లు పట్టింది. ఫ్రాన్స్ ఆటగాడు రెనో లావిలెనీ 2014లో అదే దొనేత్స్క్‌లో 6.16 ఎగిరినప్పుడు బుబ్కా అక్కడే కూర్చుని చప్పట్లు కొట్టాడు.

1984 ఆగస్టులో రోమ్‌లో జరిగింది చెప్పాలి. ఫ్రాన్స్‌కు చెందిన తియెరీ వినెరాన్ 5.91 ఎగిరి బుబ్కా రికార్డు లాక్కున్నాడు. కొన్ని నిమిషాలు గడిచాయో లేదో, బుబ్కా అదే బరిలో 5.94 ఎగిరి తిరిగి తెచ్చుకున్నాడు. నాకు సినిమాలకంటే ఇలాంటివే ఇష్టం.

అతను తన బరువుకు మామూలుగా ఇచ్చే కర్రకంటే గట్టిదాన్ని, అందరికంటే పైకొసన పట్టేవాడు. అది వంగాలంటే అంత వేగంతో రావాలి. చుట్టూ ఉన్న వాల్టర్లందరికీ కర్రలున్నాయి, ఫైబర్ గ్లాసు కర్రలే. వాళ్లలో చాలామంది ఆరు మీటర్ల బార్ కింద ఉండిపోయారు.

కర్ర, కాళ్లు, శిక్షణ అన్నీ ఉన్నా చేజారిపోయినవీ అతని జీవితంలో ఉన్నాయి. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌ను సోవియట్ ప్రభుత్వం బహిష్కరించింది. బుబ్కా ఇంట్లో కూర్చున్నాడు, ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ కినాన్ 5.75తో బంగారం పట్టుకెళ్లాడు. ఆ ఏడాది బుబ్కా రికార్డు అంతకంటే ఎంతో పైన ఉంది. 1988 సియోల్‌లో 5.90తో బంగారం వచ్చింది. 1992 బార్సిలోనాలో మూడు ప్రయత్నాలూ పోయి ఒక్క ఎత్తు కూడా దాటలేదు. 1996లో మడమ గాయంతో పోటీ చేయకుండానే తిరిగొచ్చాడు. 2000 సిడ్నీలో మళ్లీ ఒక్క ఎత్తూ దాటలేదు. 2001లో ఆట మానేశాడు. 35 ప్రపంచ రికార్డుల మనిషికి ఒలింపిక్ పతకం ఒక్కటే. కర్రే మోసుకుపోయేదైతే బార్సిలోనాలో ఎందుకు మోయలేదు?

కర్ర పోతే ఏమవుతుందో బ్రెజిల్ వాల్టరు ఫబియానా మురేర్‌ను అడగాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్ మధ్యలో ఆమె కర్రల్లో ఒకటి కనిపించకుండా పోయింది. ఆ ఎత్తుకు ఆ కర్రే కావాలి. ఆమె అధికారుల చుట్టూ తిరిగింది, పోటీ ఆపమని వాదించింది. దొరకలేదు. వేరే కర్రతో ఎగిరి ఓడిపోయింది. మూడేళ్లకు, 2011లో, దేగూలో 4.85 మీటర్లతో ప్రపంచ చాంపియన్ అయింది. మనిషి ఆమే. బీజింగ్‌లో ఆమెకు బలం లేక కాదు ఓడింది. మెస్ బిల్లులు రాక హాస్టలు వదిలి ఇంటికొచ్చేసిన పిల్లల్ని, ఫీజు డబ్బులు పడక హాల్ టికెట్ కోసం నిలబడ్డ పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆమె గుర్తుకొస్తుంది. వాళ్లను మనం "డ్రాపవుట్లు" అని రిజిస్టర్లో రాస్తాం.

ఇంతవరకూ చెప్పడం తేలికే. కానీ మర్నాడు ఇందులో సగం చెప్పేసరికే మావాడు అడ్డుపడ్డాడు. "ఆ ఆటలో అందరికీ కర్ర ఉంటది కదా సార్. ఇక్కడ మాకొక్కళ్లకే ఇచ్చారంటన్నారు."

తెలివైన ప్రశ్న, దీన్ని దాటేయకూడదు. నిజంగా ఒకరికే కర్ర ఇచ్చి మిగతావాళ్లను ఉత్త కాళ్లతో ఎగరమంటే అది ఆటే కాదు. అయితే ఇక్కడ ఎవరివి ఉత్త కాళ్లు? ఇంట్లో మాట్లాడే భాషే బళ్లో పుస్తకంలో ఉండటం ఒక కర్ర. మా ఇంట్లో కుర్రు మాట, బళ్లో తెలుగు, పై చదువుల్లో ఇంగ్లీషు. కోచింగుకు విజయవాడ పంపగలిగిన తండ్రి ఒక కర్ర. ఆఫీసులో పని పడితే "మా మామయ్య ఉన్నాడు" అనగలగడం చాలా పొడుగు కర్ర. అవి పుట్టినప్పటినుంచీ చేతిలో ఉంటాయి కాబట్టి చేతుల్లాగే కనిపిస్తాయి. మన కర్రకు మాత్రం సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. నంబరు ఉన్నదాన్ని ఎవరైనా వేలెత్తి చూపించవచ్చు.

పరుగుదారి సంగతి కూడా ఉంది. మా తాత యవ్వనంలో రోజూ మునసబు దగ్గర హాజరు వేయించుకోవలసిన మనిషి. 1871లో తెల్లదొరలు మొదలుపెట్టి, తర్వాత మన మద్రాసు రాజధానికీ తెచ్చిన నేరస్త తెగల చట్టం 1952లో గానీ పోలేదు. దొంగతనం చేసినందుకు కాదు, ఎరుకలవాడిగా పుట్టినందుకు హాజరు. పొరుగూరు వెళ్లి గంపలు అమ్ముకోవాలన్నా చెప్పి వెళ్లాలి. కాళ్లకు తాడు కట్టి ఉంచిన ఇంటి మనవడు పరుగెత్తడం మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? ఎవరి పరుగు ఎక్కడ మొదలైందో చూడకుండా ఎవరు ఎంత ఎగిరారో కొలవడం ఏ ఆటలోనూ ఉండదు.

మాలావత్ పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా లంబాడీ ఇంటి పిల్ల. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. పక్కన ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, భువనగిరి కొండ మీద తాడు పట్టడం నేర్చుకున్నవాళ్లు. ఎవరెస్టు మీదికి ఆక్సిజన్ సిలిండర్లు, తాళ్లు, షెర్పాలు లేకుండా వెళ్లేవాళ్లు ఎంతో అరుదు. డబ్బున్నవాళ్లూ సిలిండరుతోనే ఎక్కుతారు. వాళ్లను ఎవరూ "సిలిండరు ఎక్కించింది" అనరు. ఆ ఇద్దరు పిల్లలు కొండ దగ్గరికి చేరడానికి గురుకులం కావలసి వచ్చింది. కొండ మాత్రం అందరికీ ఒకటే చలి.

ఇప్పుడు నాకు కష్టమైన సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

నా కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. ఎస్టీ కోటాలో సీటు. అది పుట్టేసరికి నాకు ఉద్యోగం ఉంది, ఇంట్లో పుస్తకాలున్నాయి, కుర్రు మాట దానికి సగమే వచ్చు. కర్రల లెక్క పైన రాశాను కదా, ఆ లెక్కలో దాని చేతిలో రెండు కర్రలున్నాయి. దాని ర్యాంకుకు దిగువన ఇంకో ఎస్టీ పిల్లో పిల్లాడో ఉండి ఉంటారు. మున్నేటి ఒడ్డున చేపలు పట్టుకునే యానాదుల ఇంటి బిడ్డేమో. ఎవరో నాకు తెలియదు. తెలియకపోవడం నాకు సుఖంగానే ఉంది, ఆ సుఖమే రాత్రిపూట గుచ్చుతోంది.

ఈ విషయంలో కోర్టులు, ప్రభుత్వాలు ఏం చేయాలో వాళ్లు చూసుకుంటారు. మనకు వ్యతిరేకంగా ఉన్నవాళ్లు ఈ పేరాను చింపి జెండాలాగా ఊపుతారని కూడా నాకు తెలుసు. మనలో ఇద్దరు పైకొచ్చారు కాబట్టి అందరి కర్రలూ లాగేసుకోవాలనే వాదన దొంగవాదన. నా కూతురు ఎంత చదివినా రేపు ఆఫీసులో ఇంటిపేరు చూసి ఎవరో ఒకరు పెదవి విరుస్తారు, అదీ నిజమే. అయినా, మనలో మనం మాట్లాడుకునే చోట కూడా ఈ మాట అనుకోకపోతే ఎక్కడ అనుకుంటాం? వాల్టరు పెరిగేకొద్దీ గట్టి కర్రకు మారతాడు. పాత కర్ర మెత్తబడి పనికిరాకుండా పోదు, వెనక వచ్చేవాడి బరువుకు అది సరిపోతుంది. నేను దాన్ని అటకమీద పెట్టుకున్నానా, ఎవరికైనా ఇచ్చానా? మా కాలనీలో సాయంత్రం ఒక గంట యానాదుల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అది చాలదని నాకు తెలుసు. సీటు వదులుకోమని కూతురికి చెప్పే ధైర్యం నాకు రాలేదు, చెప్పడం న్యాయమో కాదో కూడా తేలలేదు.

పిల్లలతో ఒక్క పేచీ ఉంది. "కటాఫ్ దాటితే చాలు సార్" అంటారు. బుబ్కా రికార్డును ఒక్కొక్క సెంటీమీటరే పెంచేవాడని, రికార్డుకింత అని డబ్బు వచ్చేది కాబట్టి కావాలనే బలం దాచుకునేవాడని ఎగతాళి చేసినవాళ్లున్నారు. డబ్బు కోసమే అనుకుందాం, పేదదేశపు టీచరుగా నాకు అందులో తప్పేమీ కనిపించదు. కానీ అతను ఆ సెంటీమీటరు అడిగింది పోటీ గెలిచాక. మిగతావాళ్లంతా కర్రలు సర్దుకుంటుంటే బార్ పైకి జరపమని అడిగి మళ్లీ పరుగుకు నిలబడేవాడు. కటాఫ్ ఇంకొకరు పెట్టిన బార్. అక్కడ ఆగిపోయిన పిల్లాణ్ణి చూస్తే నాకు కోపం వస్తుంది, వాణ్ణి అక్కడే ఆపిన మా పాఠాల మీద ఇంకా ఎక్కువ కోపం వస్తుంది.

ఇంకొక్కటి చెబితే మావాడి లెక్క సరిపోతుంది. ఒకప్పుడు ఇంగ్లండులో వాల్టర్లు కర్రను నిలబెట్టి, కోతిలా చేతి మీద చెయ్యి వేసుకుంటూ దానిమీద ఎక్కి బార్ దాటేవాళ్లు. తర్వాత నిబంధన వచ్చింది: పైకి లేచాక చేతులు పైకి జరపకూడదు. పట్టిన చోటే పట్టు. అంతేకాదు, పైకి చేరాక కర్రను వదిలేయాలి. చివరి ఆ కాస్త ఎత్తులో, బార్ మీదుగా దొర్లేటప్పుడు, చేతిలో ఏమీ ఉండదు. వదలకపోతే కర్రా మనిషీ కలిసి బార్‌ను పడగొడతారు.

పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని మున్నేటి ఇసుకలోకి వెళ్లాను. కాలనీలో మిగిలిన పాత బొంగు ఒకటి పట్టుకెళ్లాం. తాత చేసినట్టు వంచి చూశాను, ఫరవాలేదు. రెండు కట్టెలు పాతి మధ్యలో దారం కట్టాం. మొదటిసారి బొంగు ఇసుకలో జారిపోయి మావాడు వెల్లకిలా పడ్డాడు. గుంట తవ్వి, అడుగున రాయి పెట్టాం. రెండోసారి కూడా దారాన్ని మోకాళ్లతో లాక్కుపోయాడు. మూడోసారి బొంగు కాస్త వంగింది, వాడు తన ఛాతీ ఎత్తున ఉన్న దారం దాటి ఇసుకలో దొర్లాడు. బొంగు ఇవతలే పడింది.

లేచి ఇసుక దులుపుకోకుండానే దారం దగ్గరికెళ్లి, "ఇంకో జానెడు పైకి కట్టండి సార్" అన్నాడు. తర్వాత బొంగు చూసుకుని, "ఇది పొట్టిదైపోద్ది. ఇంకో రెండు కణుపులు ఎక్కువున్నది దొరుకుద్దా?" అని అడిగాడు.